మహిళల వ్యాపార ప్రస్థానం: తొలి అడుగు వెనుక ఉన్న కారణాలు

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో 2014లో దిల్లీ హాట్ ప్రారంభమైంది. 1994లో ఐఎన్‌ఏ మార్కెట్ సమీపంలోనూ, 2008లో పీతంపురాలోనూ ఏర్పాటైన వాటి తరువాత రాజధానిలో ఇది మూడవది. గ్రామీణ సంతను నగరం మధ్యకు తీసుకురావాలనీ, చేతివృత్తుల వారు దళారుల ప్రమేయం లేకుండా తమ సరుకును కొనుగోలుదారుకు నేరుగా అమ్ముకోవాలనీ ఈ హాట్‌ల వెనుక ఉన్న ఆలోచన. తొలి హాట్‌లో దుకాణాలను శాశ్వతంగా ఎవరికీ ఇవ్వకుండా 15 రోజులకు ఒకసారి మార్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. సొంతంగా అంగడి అద్దె భరించలేని వారికి రాజధాని మార్కెట్టును కొద్ది రోజులైనా అందుబాటులోకి తెచ్చిన ఏర్పాటు ఇది.

ఇటువంటి సంతలలో అమ్మకానికి వచ్చే అద్దకపు వస్త్రాలు, కుట్టుపనులు, పచ్చళ్లు, చిరుధాన్యాల వంటకాల వెనుక అధిక భాగం స్త్రీల శ్రమే ఉంటుంది. అయితే శ్రమ స్త్రీది కావడం వేరు, వ్యాపారం ఆమెది కావడం వేరు. మొదటి స్థితి నుంచి రెండవ స్థితికి కొందరు మహిళలు ఎలా చేరుకున్నారు, వారిని ఆ దిశగా నడిపించినది ఏమిటి అన్నది ఆర్థికవేత్తలూ సామాజిక శాస్త్రవేత్తలూ చాలాకాలంగా పరిశీలిస్తున్న అంశం.

నెట్టేవి, లాగేవి

వ్యాపారంలోకి ప్రవేశించడానికి గల కారణాలను పరిశోధకులు సాధారణంగా రెండు వర్గాలుగా చూస్తారు. భర్త ఉపాధి పోవడం, పంట నష్టం, అప్పులు, ఉద్యోగం దొరకకపోవడం వంటివి మనిషిని వెనుక నుంచి నెట్టే కారణాలు. చేతిలో నైపుణ్యం ఉండటం, మార్కెట్టులో ఒక అవకాశం కనిపించడం, స్వతంత్రంగా నిలబడాలన్న కోరిక వంటివి ముందు నుంచి లాగే కారణాలు. పుస్తకంలో ఈ విభజన స్పష్టంగానే కనిపిస్తుంది. జీవితాలలో మాత్రం రెండూ కలిసే ఉంటాయి. మహిళా దినోత్సవ సందర్భంగా వెలువడే కథనాలలో 'ప్రేరణ' అన్న మాట తరచుగా వినిపిస్తుంది గానీ, చాలా సందర్భాలలో ఆ మాట స్థానంలో 'అవసరం' అని వ్రాసినా అర్థం చెడదు.

దేశంలో పరిస్థితిని 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణన కొంతవరకు చూపింది. దేశం మొత్తం మీద సుమారు 5.85 కోట్ల సంస్థలు ఉండగా, వాటిలో మహిళల యాజమాన్యంలో ఉన్నవి 80.5 లక్షలు, అంటే 13.76 శాతం. వీటిలో ఆంధ్రప్రదేశ్ వాటా 10.56 శాతం. తమిళనాడు, కేరళల తరువాత మూడవ స్థానం మన రాష్ట్రానిదే. ఇదే గణనలో అంతగా ప్రచారం పొందని మరొక అంకె ఉంది. మహిళల సంస్థలలో 83 శాతానికి పైగా జీతం ఇచ్చి పెట్టుకున్న పనివారు ఒక్కరు కూడా లేనివి. యజమాని, కార్మికురాలు, గుమాస్తా అన్నీ ఆమే. సుమారు 79 శాతం సంస్థలు సొంత డబ్బుతోనే నడుస్తున్నవి. మహిళల వ్యాపారం ఎందుకు చిన్నదిగానే ఉండిపోతుందన్న ప్రశ్నకు సమాధానంలో సగం ఈ రెండు అంకెలలోనే ఉంది.

వాక్కాయ పచ్చడితో మొదలైన పరిశ్రమ

జనక్‌పురికి నైరుతి దిశలో, ఢిల్లీ గ్రామీణ ప్రాంతానికి ముఖద్వారం వంటి పట్టణం నజఫ్‌గఢ్. అక్కడ పచ్చళ్ల పరిశ్రమను నెలకొల్పిన కృష్ణా యాదవ్ కథ, నెట్టే కారణాలూ లాగే కారణాలూ ఎలా ముడిపడి ఉంటాయో చెప్పడానికి తగిన ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ జిల్లాకు చెందిన ఆమె కుటుంబం 1990వ దశకం మధ్యలో ఆర్థికంగా చితికిపోయి ఢిల్లీకి వలస వచ్చింది. చేతిలో ఉన్నది అప్పుగా తెచ్చుకున్న 500 రూపాయలు. ఎక్కడా స్థిరమైన పని దొరకక, భూమిని పాలుకు తీసుకుని కూరగాయలు పండించడం మొదలుపెట్టారు. పంట వచ్చింది గానీ ధర రాలేదు. నిలవ ఉండని సరుకును వచ్చిన ధరకు వదులుకోవలసిన పరిస్థితి.

ఆ దశలో దూరదర్శన్‌లో ప్రసారమయ్యే 'కృషి దర్శన్' కార్యక్రమం ద్వారా వారికి ఒక సమాచారం అందింది. నజఫ్‌గఢ్ సమీపంలోని ఉజ్వా కృషి విజ్ఞాన కేంద్రంలో పండ్లు, కూరగాయలను నిలవ చేసే విధానాలపై శిక్షణ ఇస్తున్నారన్నదే ఆ సమాచారం. 1967 జనవరి 26న ప్రారంభమైన ఆ కార్యక్రమం ఎందరు రైతులకు ఉపయోగపడిందో లెక్క వేయడం కష్టం గానీ, ఈ ఒక్క సందర్భంలో మాత్రం దాని ఫలితం కళ్లకు కనిపిస్తుంది. పాఠశాల చదువు లేని కృష్ణా యాదవ్ 2001లో అక్కడ శిక్షణ పొందారు. 3,000 రూపాయల పెట్టుబడితో కరోందా పచ్చడి, మిరపకాయ పచ్చడి తయారు చేశారు. కరోందా అంటే మన తెలుగునాట పప్పులోనూ పచ్చడిలోనూ వాడే వాక్కాయే.

తొలి రోజులలో అమ్మకం రోడ్డు ప్రక్కనే జరిగింది. దుకాణాల వారు పేరు లేని పచ్చడిని కొనడానికి ముందుకు రాలేదు. బాటసారులకు రుచి చూపించి, వారి నమ్మకం సంపాదించి, ఆ తరువాతే దుకాణాలకు చేరవలసి వచ్చింది. క్రమంగా ఉత్పత్తుల సంఖ్య పెరిగింది, ఇతర మహిళలకు పని దొరికింది, ఇంటి పని ఒక సంస్థగా మారింది. 2015 సంవత్సరానికి గాను కేంద్ర ప్రభుత్వం ఆమెను నారీ శక్తి పురస్కారంతో గౌరవించింది. 2016 మార్చి 8న రాష్ట్రపతి భవన్‌లో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ పురస్కారాలను ప్రదానం చేశారు.

ఈ కథలో గమనించవలసిన విషయం ఒకటుంది. పేదరికం ఆమెను వ్యాపారం వైపు నెట్టింది నిజమే. ఆ కాలంలో అదే ప్రాంతంలో అంతే పేదరికంలో ఉన్న కుటుంబాలు మరెన్నో ఉన్నాయి. తేడా తెచ్చినవి సరైన సమయంలో అందిన ఒక సమాచారం, ప్రయాణించి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న శిక్షణ కేంద్రం, అమ్మకం బాధ్యతను పంచుకున్న భర్త.

మూసుకున్న తలుపు

ఉద్యోగపు తలుపు మూసుకోవడం వల్ల వ్యాపారం తలుపు తట్టిన వారూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో బీరు తయారీ శాస్త్రం చదివి వచ్చిన కిరణ్ మజుందార్ షాకు, స్త్రీ అన్న కారణంగా మన దేశపు సారాయి కర్మాగారాలలో ఆ స్థాయి ఉద్యోగం దొరకలేదు. ఒక ఐరిష్ సంస్థ భాగస్వామ్యంతో 1978లో బెంగళూరులో అద్దె ఇంటి గ్యారేజీలో 10,000 రూపాయల పెట్టుబడితో ఆమె ప్రారంభించిన బయోకాన్ నేడు అంతర్జాతీయ స్థాయి ఔషధ సంస్థ. ఉద్యోగం దొరికి ఉంటే ఆ సంస్థ పుట్టి ఉండేది కాదేమో. ఢిల్లీలోనే 1989లో సఫ్దర్‌జంగ్ ప్రాంతంలో వందనా లూథ్రా ప్రారంభించిన వీఎల్‌సీసీ సౌందర్య, ఆరోగ్య కేంద్రం దీనికి భిన్నమైన కోవకు చెందుతుంది. విదేశాలలో పొందిన శిక్షణ, నగర మధ్యతరగతిలో అప్పుడప్పుడే పెరుగుతున్న అవసరం అక్కడ లాగే కారణాలు.

ఒక పాఠం, ఒక రూపాయి

తెలుగు నేలపై మహిళల వ్యాపార చరిత్రలో అతి ముఖ్యమైన ఘట్టం ఏ సంస్థ కార్యాలయంలోనూ ప్రారంభం కాలేదు. అది నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో ఒక రాత్రి బడిలో మొదలైంది. 1990వ దశకం ఆరంభంలో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. వయోజనుల వాచకంలో చేర్చిన 'సీతమ్మ కథ' అన్న పాఠంలో, సారా వల్ల నష్టపోయిన గ్రామంలోని స్త్రీలు ఏకమై సారా దుకాణాన్ని మూయిస్తారు. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన దూబగుంట మహిళలు ఆ కథను తమ ఊరి కథగా చదువుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటి వారి నాయకత్వంలో 1992లో అక్కడ ప్రారంభమైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

సారా దుకాణం మూతపడిన తరువాత ఇళ్లలో కొంత డబ్బు మిగలడం మొదలైంది. ఆ డబ్బు ఏమి కావాలి? రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయాలన్న పిలుపుతో నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి' సంఘాలు ఏర్పడ్డాయి. 1980వ దశకం నుంచి అమలులో ఉన్న డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా ప్రారంభించిన స్వయం సహాయక సంఘాల బ్యాంకు అనుసంధానం ఈ పొదుపు ఉద్యమంతో కలిసి కొత్త బలాన్ని పుంజుకున్నాయి. తెలుగు రాష్ట్రాలలో 'డ్వాక్రా' అన్న మాట పథకం పేరు స్థాయిని దాటి, స్వయం సహాయక సంఘానికి మారుపేరుగా వాడుక భాషలో స్థిరపడిపోయింది.

ఈ సంఘాల నుంచి వచ్చిన మహిళలే నేడు కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ నిర్వహించే సరస్ ఆజీవిక మేళాలలో ఢిల్లీ పరిసరాలకు వచ్చి తమ ఉత్పత్తులను అమ్ముతున్నారు. పాడి పశువు, కిరాణా కొట్టు, కుట్టు మిషను, పచ్చళ్లు వంటి చిన్న వ్యాపారాలే వీరిలో అధికం. వ్యక్తిగత ప్రతిభ కంటే సంఘం ఇచ్చిన ధైర్యమే ఇక్కడ ప్రేరణ. అప్పు తీర్చలేని నెలలో తోటి సభ్యులు ఆదుకుంటారన్న నమ్మకం ఉన్నందువల్లనే ఎందరో మొదటి రుణం తీసుకున్నారు. అదే సంఘం వాయిదా కోసం ఒత్తిడి తెచ్చిన సందర్భాలూ, తీసుకున్న రుణం వ్యాపారానికి గాక ఇంటి ఖర్చులకో వైద్యానికో వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు. సంఘాల సంఖ్యను బట్టి వ్యాపారాల సంఖ్యను అంచనా వేయడం అందువల్లనే సరికాదు.

ఎలీప్: స్థలం కోసం కలిసిన చేతులు

చిన్న వ్యాపారం నుంచి పరిశ్రమ స్థాయికి వెళ్లాలనుకున్న మహిళల సమస్య మరో రకమైనది. యంత్రం కొనాలంటే షెడ్డు కావాలి, షెడ్డు కావాలంటే స్థలం కావాలి, రుణం కావాలంటే హామీ కావాలి. బ్యాంకుకు వెళ్లిన స్త్రీని భర్తను గానీ తండ్రిని గానీ వెంట తీసుకురమ్మనడం ఒకప్పుడు సర్వసాధారణం. 1993లో కె. రమాదేవి ఆధ్వర్యంలో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఏర్పడటానికి ఇటువంటి పరిస్థితే నేపథ్యం. ఆంగ్ల నామపు తొలి అక్షరాలతో 'ఎలీప్'గా ఇది ప్రసిద్ధి పొందింది.

సంఘం సన్మానాలు, సదస్సులతో సరిపెట్టుకోలేదు. హైదరాబాదు శివారులోని గాజులరామారంలో సుమారు 30 ఎకరాలలో కేవలం మహిళల కోసం పారిశ్రామికవాడను నెలకొల్పింది. దేశంలో ఈ తరహా పారిశ్రామికవాడలలో ఇదే మొదటిదిగా గుర్తింపు పొందింది. అనంతరం విజయవాడ సమీపంలోని సూరంపల్లిలోనూ మరొక పారిశ్రామికవాడ ఏర్పడింది. శిక్షణ, ప్రాజెక్టు నివేదికల తయారీ, మార్కెటింగ్ తోడ్పాటుతో పాటు సభ్యుల రుణాలకు హామీగా నిలిచే ఏర్పాటును కూడా సంఘం చేసుకుంది. ఆహార పదార్థాల శుద్ధి, దుస్తులు, ప్యాకింగ్ సామగ్రి, ఇంజనీరింగ్ విడిభాగాల వంటి రంగాలలో మహిళలు యూనిట్లు నెలకొల్పారు. ఇంజనీరింగ్ వంటి పని స్త్రీలకు తగదన్న అభిప్రాయం ఎంత బలహీనమైనదో ఈ షెడ్లు నిరూపించాయి.

ఒకే ప్రాంగణంలో పది మంది మహిళలు యంత్రాలు నడుపుతూ కనిపించినప్పుడు పదకొండవ మహిళ వ్యాపారం గురించి ఆలోచిస్తుంది. ఉపన్యాసాల కంటే పొరుగు షెడ్డు ఇచ్చే ప్రేరణే బలమైనదని ఎలీప్ అనుభవం సూచిస్తుంది. 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో ప్రారంభించిన 'వీ హబ్' ఇదే సూత్రాన్ని అంకుర సంస్థలకు వర్తింపజేసింది. భారత్ బయోటెక్ సహ వ్యవస్థాపకురాలు సుచిత్రా ఎల్లా వంటి వారు విజ్ఞాన ఆధారిత పరిశ్రమలోనూ మహిళల నాయకత్వానికి స్థానముందని చూపారు. 1996లో హైదరాబాదులో స్థాపించిన ఈ సంస్థకు గాను ఆమె, ఆమె భర్త కృష్ణ ఎల్లా 2022లో సంయుక్తంగా పద్మభూషణ్ పొందారు.

తెర వెనుక యజమానులు

పారిశ్రామికవేత్తల జాబితాలలో సాధారణంగా కనిపించని పేర్లు కొన్ని ఇక్కడ చెప్పుకోవాలి. భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి భానుమతి భరణీ పిక్చర్స్‌ను నెలకొల్పి, అనంతరం స్టూడియోను కూడా నడిపారు. 1953లో విడుదలైన 'చండీరాణి' చిత్రాన్ని స్వయంగా దర్శకత్వం వహించి మూడు భాషలలో నిర్మించారు. నందమూరి తారక రామారావును వెండితెరకు పరిచయం చేసిన 'మనదేశం' 1949లో విడుదలైంది. దానిని నిర్మించింది నటి సి. కృష్ణవేణి. పెట్టుబడి, వేతనాలు, పంపిణీ, నష్టభయం అన్నీ ఉన్న వ్యాపారమే చిత్ర నిర్మాణం. అయినా చరిత్ర వీరిని నటీమణులుగానే ముందు గుర్తుంచుకుంది.

నరసాపురం లేసు చెప్పే మరో కథ

శ్రమకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న దూరాన్ని పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు పరిశ్రమ కంటే బాగా చెప్పగల ఉదాహరణ మరొకటి లేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక, క్రమంగా విదేశాలకు ఎగుమతి అయ్యే పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు కార్మికులపై జరిపిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడి ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. రోజులో ఎన్నో గంటలు అల్లికలో గడిపే స్త్రీలను ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటున్న గృహిణులుగా పరిగణించడం వల్ల వారి కూలి అతి స్వల్పంగా ఉండిపోయిందనీ, వ్యాపారమూ లాభమూ పురుషుల చేతిలో ఉన్నాయనీ ఆమె వివరించారు. నైపుణ్యం ఉంది, మార్కెట్టు ఉంది, అవసరమూ ఉంది. అయినా ఆ స్త్రీలు వ్యాపారులు కాలేదు. కొనుగోలుదారు ఎవరో వారికి తెలియదు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వల్ల వచ్చే అదనపు ధరలో అల్లే చేతికి చేరేది ఎంత అన్నదే ఇప్పుడు చూడవలసిన విషయం.

ఆస్తి, హామీ, రుణం

వ్యాపారానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడికి బ్యాంకు అడిగేది ఆస్తి. కుమార్తెలకు పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రస్థాయిలో సవరించింది. 1986 నాటి ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఇదే మార్పు దేశమంతటికీ రావడానికి 2005 వరకు సమయం పట్టింది. చట్టం మారినా పెళ్లినాటి కట్నంతో కుమార్తె వాటా తీరిపోయిందన్న భావన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది. భూమి పత్రం పేరున లేని మహిళకు రుణ దరఖాస్తులో మొదటి పేజీ దగ్గరే ఆటంకం ఎదురవుతుంది.

హామీ లేని రుణాల ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన రుణ ఖాతాలలో మూడింట రెండు వంతులకు పైగా మహిళలవే. మొదట 10 లక్షల రూపాయలుగా ఉన్న రుణ పరిమితిని, ముందటి రుణాన్ని సక్రమంగా తీర్చిన వారికి 2024లో 20 లక్షలకు పెంచారు. 2016 ఏప్రిల్ 5న ప్రారంభమైన స్టాండప్ ఇండియా పథకం, ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలని నిర్దేశించింది. తొలిసారి వ్యాపారంలోకి వచ్చే 5 లక్షల మంది మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 5 సంవత్సరాలలో 2 కోట్ల రూపాయల వరకు రుణాలు అందించే కొత్త పథకాన్ని 2025-26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు.

చదువు నుంచి చేతిపని వరకు

రుణం కంటే ముందు కావలసినది శిక్షణ అని చాలాకాలం క్రితమే గుర్తించిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువుకు దూరమైన స్త్రీలకు విద్యతో పాటు వృత్తి నైపుణ్యాలనూ నేర్పింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. కనీస విద్యార్హత లేనందువల్ల నర్సింగ్, ఉపాధ్యాయ శిక్షణ వంటి కోర్సులలో చేరలేకపోతున్న వయోజన స్త్రీల కోసం 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించింది. ఆమె చొరవతోనే 1948లో ఢిల్లీలో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలలో ఒకటి జనక్‌పురిలో ఉంది. రాజధానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ చదువుకున్నారు.

నేడు వ్యాపారం ప్రారంభించాలనుకునే మహిళ ముందుగా సంప్రదించదగినవి జిల్లా పరిశ్రమల కేంద్రం, లీడ్ బ్యాంకు ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, ఆహార ఉత్పత్తుల విషయంలో సమీప కృషి విజ్ఞాన కేంద్రం. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ సంఖ్యలతో ఆన్‌లైన్‌లో ఎవరికి వారే నమోదు చేసుకోవచ్చు. మధ్యవర్తులకు రుసుము చెల్లించవలసిన అవసరం లేదు. ఆహార పదార్థాలు తయారు చేసి అమ్మేవారు ఇంట్లో చేసినా సరే, భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. నమోదు పత్రం, బ్యాంకు ఖాతా వ్యాపారం చేస్తున్న మహిళ పేరుననే ఉండాలి. రెండవసారి రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు పరిశీలించే లావాదేవీల చరిత్ర ఆ ఖాతాలోనే నమోదై ఉంటుంది.